ముందు రోలు ఉందా అని అడగండి

ఏ ట్యుటోరియల్ తెరిచినా మొదట్లోనే ఒక మాట ఉంటుంది. "ఇన్‌స్టాల్ చేయడం చాలా సింపుల్, ఒక్క లైన్ చాలు." పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి, పక్కన ప్యాకేజీ పేరు రాసి, ఎంటర్ నొక్కడమే. ఈ మాట మీద నాకు పేచీ ఉంది. ఆ ఒక్క లైన్ పనిచేయాలంటే మన కంప్యూటర్‌లో ముందే కొన్ని ఉండాలి. ఒకదానికి గిట్ కావాలి, ఇంకోదానికి సీ కంపైలర్, మరోదానికి మేక్, వేరేదానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్. అవన్నీ ఉంటే నిజంగానే ఒక్క లైన్ చాలు. లేకపోతే ఒక సాయంత్రం పోతుంది. నెట్ సరిగ్గా రాని చోట ఉంటే వారం కూడా పోతుంది.

సివిల్, మెకానికల్ ఫ్రెండ్స్ కోసం చిన్న వివరణ. కమాండ్ లైన్ టూల్ అంటే ఐకాన్, కిటికీ ఏమీ లేకుండా నల్ల స్క్రీన్‌లో పేరు కొడితే పనిచేసే ప్రోగ్రామ్. మనం వాడే చాలా ప్యాకేజీలు అసలు పనిని తాము చెయ్యవు. వెనకాల ఇలాంటి ఒక టూల్‌ని పేరు పెట్టి పిలిచి దానితో చేయిస్తాయి. పిలిచినప్పుడు అది ఇంట్లో ఉంటే పలుకుతుంది. లేకపోతే గొడవ మొదలు.

వంట వీడియోలో "వేయించిన పల్లీలు, మిర్చి మెత్తగా నూరండి" అంటారు. మీ ఇంట్లో రోలు ఉందా, మిక్సీ ఉందా అని అడగరు. తెలుగిళ్లలో ఏదో ఒకటి ఉంటుందని ధీమా. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల ధీమా కూడా ఇలాంటిదే. వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఏళ్ల కింద వేసుకున్న జీసీసీ, గిట్, కర్ల్ అలా పడి ఉంటాయి. ఉన్న సంగతే వాళ్లకి గుర్తుండదు. హాస్టల్ రూమ్‌లో ఉన్నోడికి రోలూ లేదు, మిక్సీ లేదు, ఆ రెండూ కావాలని చెప్పిన మనిషీ లేడు.

ఇది మా జూనియర్ ఒకమ్మాయి విషయంలో దగ్గర నుంచి చూశాను. వాళ్ల ఊరు భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు లోపలికి ఉంటుంది. ఇంట్లో కోయ మాట్లాడతారు. సెలవులకి వెళ్లినప్పుడు వాళ్ల నానమ్మ పాడే రేల పాటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకుంది. ఒక్కో రికార్డింగ్ గంట పైనే. వాటిని పాటకో ముక్కగా కోసి, పేర్లు పెట్టి దాచాలనేది ఆమె ఐడియా. పైథాన్‌లో దీనికి పైడబ్ అనే లైబ్రరీ ఉంది. సైజు 32 కేబీ. ఊళ్లో ఒక్క గీత సిగ్నల్ ఉన్నా దిగిపోతుంది. దిగింది కూడా. "సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్" అని వచ్చింది.

ప్రోగ్రామ్ రన్ చేస్తే విండోస్ ఒక ఎర్రర్ ఇచ్చింది. "ది సిస్టమ్ కెనాట్ ఫైండ్ ద ఫైల్ స్పెసిఫైడ్." అంటే మీరు చెప్పిన ఫైల్ దొరకలేదు అని. ఈ వాక్యం చదివిన ఎవరైనా ఏమనుకుంటారు? నేనిచ్చిన పాట ఫైల్ దొరకలేదేమో అనుకుంటారు. ఆమె కూడా అదే అనుకుంది. ఫోల్డర్ మార్చింది, ఫైల్ పేరు మార్చింది, పేరులో తెలుగు అక్షరాలు ఉన్నందుకేమో అని ఇంగ్లిష్‌లో పెట్టింది, డీ డ్రైవ్ నుంచి సీ డ్రైవ్‌కి తెచ్చింది. రెండు రోజులు ఇదే పని. ఫైల్ మాత్రం మొదటి నుంచీ సరైన చోటే ఉంది. దొరకనిది ఎఫ్ఎఫ్ఎంపెగ్. పైడబ్‌కి వేవ్ ఫైళ్లు స్వయంగా చదవడం వచ్చు. ఫోన్‌లో వచ్చే ఎంపీత్రీ, ఎంఫోర్ఏ లాంటివి విప్పాలంటే మాత్రం వెనకాల ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్‌ని పిలుస్తుంది. ఆ కమాండ్ లేదు. విండోస్ చెప్పింది దాని గురించి. ఆ పేరు మాత్రం ఆ వాక్యంలో ఎక్కడా లేదు.

నిజం చెప్పాలంటే పైడబ్ ముందే ఒక వార్నింగ్ ఇస్తుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ కనబడలేదు, పనిచేయకపోవచ్చు అని. లైబ్రరీ పేజీలో కూడా రాసే ఉంది. కానీ వార్నింగ్ వచ్చాక ప్రోగ్రామ్ ఆగదు, ముందుకెళ్లి ఆ కింద పది పదిహేను లైన్ల ఎర్రర్ కక్కుతుంది. ఫస్టియర్ స్టూడెంట్ చివరి లైనే చదువుతుంది. మనందరికీ నేర్పింది కూడా అదే కదా, చివరి లైన్ చదవమని.

ఆ తర్వాత ఆమె నాతో అన్న మాట వల్లే ఇది రాస్తున్నా. "అన్నా, మనూళ్ల నుంచి వచ్చినవాళ్లకి సీఎస్ఈ సెట్ కాదేమో." ఆమె ప్రోగ్రామ్‌లో ఒక్క తప్పు లేదు. 32 కేబీ లైబ్రరీ తనకి కావాల్సిన పెద్ద వస్తువు గురించి గట్టిగా చెప్పలేదు, అంతే. ఆ వస్తువు విండోస్ జిప్ 100 ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్, అదీ మేడ ఎక్కితేనే సిగ్నల్ అనే చోట 100 ఎంబీ అంటే ముందే ప్లాన్ చేసుకోవాల్సిన పని. ముందే తెలిసి ఉంటే హాస్టల్ నుంచే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లేది.

ఇప్పుడు ఇంకో లైబ్రరీ చూడండి. మన క్లబ్ పాత సంచికల స్కాన్‌లను టెక్స్ట్‌గా మార్చే పని నడుస్తోంది కదా. అందులో వాడేది పైటెసరాక్ట్. ఇదీ చిన్నదే, ఇదీ సొంతంగా అక్షరం ముక్క చదవలేదు. వెనకాల టెసరాక్ట్ అనే కమాండ్ లైన్ టూల్‌ని పిలుస్తుంది. టెసరాక్ట్ నిన్నా మొన్నటిది కాదు. 1980ల్లో హెచ్‌పీ కంపెనీలో పుట్టింది, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. తెలుగు చదవాలంటే దానికి తెలుగు డేటా ఫైల్ విడిగా ఇవ్వాలి. అంటే మూడంచెలు. పైథాన్ లైబ్రరీ, దాని వెనక టూల్, దాని వెనక తెలుగు. పిప్ తెచ్చేది మొదటిది ఒక్కటే.

అయినా పైటెసరాక్ట్ మీద నాకు కోపం లేదు. టూల్ లేకపోతే అది ఇచ్చే ఎర్రర్‌లో "టెసరాక్ట్ ఇన్‌స్టాల్ కాలేదు, లేదా మీ పాత్‌లో లేదు" అని పేరు పెట్టి చెప్తుంది. పీడీఎఫ్‌ని బొమ్మలుగా మార్చే పీడీఎఫ్ టు ఇమేజ్ అనే లైబ్రరీ అయితే ఇంకా మర్యాదస్థురాలు. ఏకంగా ప్రశ్న అడుగుతుంది, "పాప్లర్ ఇన్‌స్టాల్ అయి, పాత్‌లో ఉందా?" అని. అంటే రోలు ఉందా అని అడిగినట్టే. పైడబ్ కూడా వీటి లాగే బయటి టూల్ మీద ఆధారపడింది. తేడా అంతా ఎర్రర్‌లో ఒక పేరు ఉండటం, లేకపోవడం. ఆ ఒక్క పేరు ఖరీదు దుమ్ముగూడెంలో రెండు రోజులు.

అందుకే "బయటి టూల్స్ మీద ఆధారపడటమే తప్పు, అన్నీ ప్యాకేజీలోనే పెట్టేయాలి" అనే సీనియర్లతో నేను ఒప్పుకోను. పెట్టేస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. ఈజీ ఓసీఆర్ అని ఇంకో లైబ్రరీ ఉంది, తెలుగు చదువుతుంది, టెసరాక్ట్ అక్కర్లేదు, పిప్ ఒక్కటే చాలు. కానీ దాని వెనక పైటార్చ్ వస్తుంది. లినక్స్‌లో మామూలుగా వేస్తే గ్రాఫిక్ కార్డు లైబ్రరీలతో కలిపి 2 జీబీ పైనే. మనలో ఎంతమంది ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కార్డు ఉంది? సీపీయూకి మాత్రమే పనికొచ్చే చిన్న పైటార్చ్ విడిగా దొరుకుతుంది, దానికి వేరే అడ్రస్ ఇవ్వాలి, అది మళ్లీ ఎవరో చెప్తేనే తెలుస్తుంది. ఒకరు రోలు తెచ్చుకోమని చెప్పరు, ఇంకొకరు రోలుతో పాటు రైస్ మిల్లు కూడా లారీలో ఎక్కించి పంపుతారు. నాకైతే మొదటి పద్ధతే నచ్చుతుంది. ఒకే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని పది ప్యాకేజీలు పంచుకుంటే డిస్కూ మిగులుతుంది, డేటా కూడా మిగులుతుంది. చెప్పి పంచుకోవాలి, అంతే.

ఇది ఫస్టియర్ వాళ్ల బాధే అనుకోకండి. 2021 ఫిబ్రవరిలో పైథాన్ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ 3.4 వెర్షన్ వచ్చింది. అంతకుముందు దాన్ని సోర్స్ నుంచి కట్టుకోవడానికి సీ కంపైలర్ లాంటివి ఉంటే సరిపోయేది. ఆ వెర్షన్ నుంచి రస్ట్ కూడా కావాలన్నారు. ఈ ప్యాకేజీని చాలామంది నేరుగా వేసుకోరు, వేరేదాని తోక పట్టుకుని వస్తుంది. అందుకే రాత్రి పనిచేసిన బిల్డ్‌లు పొద్దున కూలిపోతే చాలామందికి ఎక్కడ పోయిందో అర్థం కాలేదు. పిప్ వెళ్లి సెటప్‌టూల్స్‌కి చెప్పుకుంటే, అది వెళ్లి లేని రస్ట్ కంపైలర్‌కి చెప్పుకుంది. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు. రస్ట్‌కి మారడానికి కారణం మంచిదే, మెమరీ తప్పుల వల్ల వచ్చే సెక్యూరిటీ సమస్యలు తగ్గించడానికి. చాలామందికి మందు కూడా చిన్నదే, పాత పిప్‌ని అప్‌గ్రేడ్ చేసుకుంటే ముందే కట్టి ఉంచిన వీల్ దిగేది, రస్ట్ గొడవే ఉండేది కాదు. ఆల్పైన్ లినక్స్ వాళ్లకి మాత్రం అప్పట్లో ఆ వీల్ కూడా లేదు.

అదే ఏడాది డెబియన్‌లో ఇంకో తమాషా. విచ్ అని ఒక బుల్లి కమాండ్ ఉంది. ఫలానా టూల్ ఈ కంప్యూటర్‌లో ఎక్కడుంది అని అడిగితే చెప్తుంది. రోలు ఉందా అని అడిగేదే అదన్నమాట. దీన్ని ఇక వాడొద్దు, వేరే పద్ధతి ఉంది అని ఆ ప్యాకేజీ చూసేవాళ్లు ఒక వార్నింగ్ లైన్ వచ్చేలా మార్చారు. ఆ ఒక్క లైన్‌కే ఎక్కడెక్కడో స్క్రిప్టులు తడబడ్డాయి. చివరికి డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది. డెబియన్ 12లో విచ్ ఉండాల్సిందే, వార్నింగ్ ఇవ్వకూడదు అని వాళ్లు తేల్చారు. ఎంత చిన్న టూల్ అయినా దాని మీద ఎంతమంది ఆనుకుని ఉన్నారో అది కదిలేదాకా తెలియదు.

డెబియన్ పేరు వచ్చింది కాబట్టి వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. నాకు చాలా నచ్చిన పద్ధతి. ఒక ప్యాకేజీని కట్టడానికి ఏ టూల్స్ కావాలో బిల్డ్ డిపెండ్స్ అనే లిస్టులో రాయాలి. జీసీసీ, మేక్ లాంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు, అవి ఉంటాయనే లెక్క. ఆ మినహాయింపు కూడా నోటి మాట కాదు, రాసి పెట్టిన లిస్టే. తర్వాత ఆ ప్యాకేజీని రాసినవాడి ల్యాప్‌టాప్‌లో కాకుండా, ఏమీ లేని ఒక శుభ్రమైన చోట కట్టి చూస్తారు. రాయడం మర్చిపోయిన టూల్ అక్కడ ఉండదు, బిల్డ్ ఆగిపోతుంది, మర్చిపోయిన సంగతి బయటపడుతుంది. "నా మెషిన్‌లో పనిచేస్తోందే" అనే డైలాగ్‌కి అక్కడ చోటు లేదు.

పైథాన్‌లో ఇలా చెప్పే వీలు లేదా అంటే, ఉంది. ప్యాకేజీ వివరాల్లో రిక్వైర్స్ ఎక్స్‌టర్నల్ అని ఒక గడి చాలా ఏళ్లుగా ఉంది, బయటి టూల్స్ రాయడానికే. నింపేవాళ్లు తక్కువ, నింపినా పిప్ దాన్ని పట్టించుకోదు. 2023లో పెప్ 725 అని ఒక ప్రతిపాదన మొదలైంది, బయటి అవసరాలన్నీ ప్యాకేజీ ఫైల్‌లోనే పద్ధతిగా రాయాలని. ఆర్ భాషలో సిస్టమ్ రిక్వైర్మెంట్స్ అనే గడి ఎప్పటి నుంచో వాడుతున్నారు. కాండా అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని, టెసరాక్ట్‌ని కూడా మామూలు ప్యాకేజీల్లాగే తెచ్చి పెడుతుంది. అంటే దారులు లేక కాదు.

మారినవాళ్లు కూడా ఉన్నారు. గో భాష 2019లో 1.13 వెర్షన్ నుంచి మాడ్యూల్స్‌ని మామూలుగా ఒక ప్రాక్సీ నుంచి జిప్‌లుగా తెస్తోంది, చాలావాటికి గిట్ అవసరం తప్పింది. రస్ట్ వాళ్ల కార్గో ఒకప్పుడు మొత్తం ప్యాకేజీల సూచికని గిట్‌లో దించుకునేది. 2023లో 1.70 నుంచి కావాల్సిన ముక్కే తెచ్చుకుంటోంది. మనలాంటి నెట్ ఉన్నవాళ్లకి ఇవి పెద్ద ఉపకారాలు. దీని గురించి ఎవరూ రీల్ చేయరు, అది వేరే సంగతి.

"ఇంత గోల ఎందుకు, కోలాబ్ వాడుకో, డాకర్ వాడుకో" అనేవాళ్లు ప్రతి క్లాసులో ఇద్దరుంటారు. కోలాబ్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ రెడీగా ఉంటుంది, నిజమే. గంట రికార్డింగ్ అప్‌లోడ్ చేయాలిగా? మధ్యలో నెట్ పోతే సెషన్ పోతుంది, ఎక్కించిన ఫైల్ పోతుంది. డాకర్‌కి పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఎక్కడ సరిపోతుంది? ఈ రెండు సలహాలూ మంచి వైఫై ఉన్న గదిలో కూర్చుని ఇచ్చేవే. ఖమ్మం టౌన్‌లో ఉన్నవాడికి పనికొస్తాయి. పాల్వంచ దాటి, సారపాక దాటి, గోదావరి దాటి లోపలికి వెళ్లేకొద్దీ వాటి విలువ తగ్గుతూ వస్తుంది.

మన వైపు ఊళ్లకి నిల్వ పెట్టుకోవడం కొత్త కాదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది, బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు. వర్షాకాలం ముందు బియ్యం, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టె ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకునే జనం మనం. సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకప్పుడు ఇలాగే ఉండేది. 2005లో స్వేచ్ఛ పేరుతో తెలుగు లినక్స్ వచ్చిన రోజుల్లో ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకి సీడీలు పోస్టులో ఫ్రీగా పంపేవాళ్లు, 2011 దాకా పంపారు. నెట్ ఫాస్ట్ అయ్యాక ఆ అలవాటు పోయింది. నెట్ అందరికీ ఫాస్ట్ కాలేదు.

మన కాలేజీలో చేయగలిగింది చాలా ఉంది, పైసా ఖర్చు లేకుండా. ల్యాబ్‌లో ఒక మెషిన్‌ని స్టోర్ రూమ్‌గా పెట్టొచ్చు. పిప్ డౌన్‌లోడ్ అనే కమాండ్ ఒక ప్యాకేజీని, దాని వెనక పైథాన్ ప్యాకేజీలన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి దించుతుంది. ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఇంటికెళ్లి, నో ఇండెక్స్, ఫైండ్ లింక్స్ అనే రెండు ఆప్షన్లతో నెట్ లేకుండా వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త. ల్యాబ్‌లో లినక్స్, ఇంట్లో విండోస్ అయితే ఆ వీల్స్‌లో కొన్ని పనికిరావు. ఏ సిస్టమ్‌కి, ఏ పైథాన్ వెర్షన్‌కి అనేది దించేటప్పుడే చెప్పాలి. ఇంకో జాగ్రత్త, అసలు గొడవంతా అదే, పిప్ డౌన్‌లోడ్‌కి ఎఫ్ఎఫ్ఎంపెగ్ సంగతి తెలియదు. అది మనిషే గుర్తుపెట్టుకుని అదే పెన్‌డ్రైవ్‌లో పక్కన పెట్టాలి. ఉబుంటు ల్యాబ్ అయితే ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ అని ఉంది, ఒకరు దించిన ప్యాకేజీ మిగతా 59 మందికి లోపలి నెట్‌వర్క్‌లోనే అందుతుంది.

అంతకంటే తేలికైన పని ఇంకోటి. ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో "హార్డ్‌వేర్ అండ్ సాఫ్ట్‌వేర్ రిక్వైర్మెంట్స్" అని ఒక పేజీ ఉంటుంది. అందరం సీనియర్ల రిపోర్ట్ నుంచి "ర్యామ్ 4 జీబీ, విండోస్ 10, పైథాన్ 3" అని ఎత్తి రాసేస్తాం. ఆ పేజీలో నిజంగా కావాల్సిన టూల్స్ పేర్లు, ఒక్కోదాని డౌన్‌లోడ్ సైజు, అవి లేకపోతే వచ్చే ఎర్రర్ రాయండి. రాశాక మీ ల్యాప్‌టాప్‌లో చూడకండి, ఎప్పుడూ ప్రోగ్రామింగ్ చేయని ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో వేసి చూడండి. డెబియన్ వాళ్ల శుభ్రమైన గది మనకి అదే. వైవాలో ఆ పేజీ మీద ఎవరూ అడగరనే ధైర్యంతోనే కదా అలా వదిలేస్తున్నాం. మేడమ్స్, సర్స్ ఎవరైనా ఇది చదువుతుంటే ఈసారి ఆ పేజీ మీద ఒక్క ప్రశ్న అడగండి, ప్లీజ్.

మన స్కానింగ్ ప్రాజెక్ట్ రీడ్‌మీ ఇప్పుడు ఇలా మొదలవుతోంది: "ముందు మూడు ఉన్నాయో చూసుకోండి. టెసరాక్ట్, దాని తెలుగు డేటా, పాప్లర్. ఇవి పిప్‌తో రావు." కింద ఉబుంటు లైన్ రాశాం, పనిచేస్తోంది. విండోస్‌లో పాప్లర్ జిప్ ఎక్కడ విప్పాలి, పాత్‌లో ఎలా పెట్టాలి అనేది స్క్రీన్‌షాట్లతో పెట్టాలి, సగం అయింది. మాక్‌లో మాత్రం ఎవరూ చూడలేదు. హోమ్‌బ్రూ ఉండాలి, హోమ్‌బ్రూకి ముందు యాపిల్ కమాండ్ లైన్ టూల్స్ ఉండాలి, ఆ తర్వాత మన మూడు. మాక్ ఉన్నవాళ్లెవరైనా ఖాళీగా ఉంటే ఈ ఆదివారం వేసి చూసి, ఎక్కడ ఆగిందో ఎర్రర్ మొత్తం కాపీ చేసి క్లబ్ గ్రూపులో పెట్టండి. చివరి లైన్ ఒక్కటే కాదు, మొత్తం.